ఉద్యోగము విడిచిన పిదప: రావలసిన వేతనమును రాబట్టుకొను విధము

చేసిన పనికి రావలసిన జీతము పూర్తిగా చేతికందక పూర్వమే ఉద్యోగము విడిచి వచ్చినవాడు సాధారణముగా రెండు భావములలో నేదో యొకదానికి లోబడును. ఒకటి సంకోచము; రెండవది ఆగ్రహము. సంకోచించువాడు నేడు కాకున్న రేపైనను వారే పిలిచి ఇత్తురని నెలలు గడుపును. ఆగ్రహించువాడు గేటువద్ద నిలిచి నలుగురిలో దూషణములాడి, ఇక నాతనిని లోనికి రానీయకుండుటకు తగిన సాకును తానే కల్పించి వచ్చును. ఇద్దఱును బాకీపడినవానికే మేలు చేయుచున్నారు: మొదటివాడు అతనికి కాలము నిచ్చుచున్నాడు, రెండవవాడు కారణము నిచ్చుచున్నాడు.

వేతనము యజమాని దయాధర్మము కాదు. నెలదినముల శ్రమను ముందుగా అప్పిచ్చి, నెల నిండిన పిదప దాని మూల్యమును పుచ్చుకొనువాడు కార్మికుడు. కావున ప్రతి కర్మాగారములోను నెలనెలయు కార్మికుడే ఋణదాత, యజమానియే ఋణగ్రహీత. ఈ సత్యము మనస్సున స్థిరపడినవానికి అడుగునపుడు తల వంచవలసిన పనియు లేదు, గొంతు పెంచవలసిన పనియు లేదు. అంగడివాడు తన బాకీని ఖాతాపుస్తకము తెఱచి ఎంత సహజముగా అడుగునో, ఉద్యోగము విడిచినవాడును తన ఆఖరి జీతమును అంత సహజముగా అడుగవచ్చును. అట్లడుగుటకు వలసినవి లెక్క, కాగితము, క్రమము. ఈ మూడింటిని ఎట్లు సమకూర్చుకొనవలెనో జంషెడ్‌పూరు చెంతనున్న ఆదిత్యపూరు పారిశ్రామికవాడను దృష్టియం దుంచుకొని ఈ అధ్యాయములో వివరింతును. ఇందు చెప్పిన దానిలో అధికభాగము దేశమున నెక్కడనైనను చెల్లును.

ఖర్కాయి నదికి ఇరుదరుల

జంషెడ్‌పూరునకును ఆదిత్యపూరునకును నడుమ ప్రవహించునది ఖర్కాయి నది. జంషెడ్‌పూరులోని టాటా ఉక్కు కర్మాగారము ఎనిమిది గంటల పనిదినమును 1912 లోనే అనుసరించినది. 1920 లో భవిష్యనిధిని (ప్రావిడెంట్ ఫండును), వేతనముతో కూడిన సెలవును, 1934 లో లాభములలో భాగముగా బోనసును, 1937 లో గ్రాట్యుటీని తన కార్మికులకు కల్పించినది. దేశమంతటికిని గ్రాట్యుటీ చట్టము 1972 లో వచ్చినది. అనగా చట్టము పుట్టుటకు ముప్పదియైదేండ్లు ముందుగనే ఆ హక్కు ఈ నేలమీద ఆచారమై యుండెను. శ్రీకాకుళము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి బెంగాల్ నాగపూర్ రైలుమార్గము వెంబడి వచ్చి కద్మాలోను, సోనారీలోను, బిష్టుపూరులోను స్థిరపడిన తెలుగు కుటుంబములలో, జీతము పడవలసిన తేదీకి పడియే తీరునను నమ్మకము తాతల నాటినుండి వచ్చుచున్నది.

ఆ కుటుంబముల బిడ్డలనేకులు నేడు వంతెన దాటి ఆదిత్యపూరులో పనిచేయుచున్నారు. ఇచ్చటి షెడ్లలో ఫోర్జింగు, కాస్టింగు, మెషినింగు, రేకుపని జరుగును. వీనిలో పెక్కు టాటా మోటార్స్ లారీలకు వలసిన భాగములను చేసియిచ్చును. పెద్ద కంపెనీ ఆర్డరు చిన్న యూనిటునకు, చిన్న యూనిటు పని కంట్రాక్టరునకు, కంట్రాక్టరు పని కూలికి, ఇట్లు మెట్టుమెట్టుగా దిగివచ్చును. డబ్బును అదే మెట్లమీదుగా దిగిరావలెను గాన, పై మెట్టున ఒక బిల్లు ఆగిన యెడల దాని భారమంతయు అట్టడుగున నున్నవాని ఇంటిమీద పడును. 2019 లో వాహనముల విక్రయములు మందగించి టాటా మోటార్స్ కర్మాగారము కొన్ని కొన్ని దినములు పని నిలిపివేసినప్పుడు, ఆదిత్యపూరు యూనిట్లలో అనేకములు షిఫ్టులు తగ్గించుకొనెను, కొన్ని మూతపడెను. అందఱికంటె ముందుగా ఇంటిదారి పట్టినవారు కంట్రాక్టు కార్మికులు. అట్టి సమయములందే “హిసాబ్ అవలేదు”, అనగా ఆఖరి లెక్క తేలలేదు, అను మాట ఈ వాడలో ప్రతి టీ దుకాణమువద్దను వినవచ్చును.

చట్టము ఇచ్చిన గడువులు

మొదట తెలిసికొనవలసినది గడువు. 1936 నాటి వేతనముల చెల్లింపు చట్టము, యజమాని తానుగా పనినుండి తొలగించిన కార్మికునికి రెండవ పనిదినము ముగియులోగా బాకీ చెల్లింపవలెనని శాసించినది; కాని తానుగా రాజీనామా ఇచ్చినవానిని గూర్చి ఆ నిబంధనలో స్పష్టముగా చెప్పలేదు. ఆ లోపమును 2019 నాటి వేతనముల కోడ్ తీర్చినది. 2025 నవంబరు 21వ తేదీనుండి అమలులోనికి వచ్చిన ఈ కోడ్ పదునేడవ సెక్షను ప్రకారము, తొలగింపబడినవాడైనను, రిట్రెంచిమెంటు పాలైనవాడైనను, రాజీనామా ఇచ్చినవాడైనను, సంస్థ మూతపడుటచే నిరుద్యోగియైనవాడైనను, రావలసిన వేతనమును రెండు పనిదినములలో పొందవలెను. పాత చట్టము నెలకు 24,000 రూపాయలకు లోబడిన జీతగాండ్రకే వర్తించెడిది. కొత్త కోడ్ ఆ పరిమితిని తీసివేసి, సూపర్‌వైజరులను, మేనేజరులను గూడ తన రక్షణలోనికి తెచ్చినది.

రెండవది కంట్రాక్టు కార్మికునికి ముఖ్యమైనది. కంట్రాక్టరు జీతమీయక తప్పించుకొన్నచో, ఎవరి కర్మాగారములో పని జరిగినదో ఆ ప్రధాన యజమాని దానిని చెల్లించి, పిదప కంట్రాక్టరువద్ద రాబట్టుకొనవలెను. 1970 నాటి కంట్రాక్టు కార్మిక చట్టములో నున్న ఈ నిబంధన 2020 నాటి వృత్తిభద్రతా కోడ్‌లోను నిలిచియున్నది. కావున “నీవు మా మనిషివి కావు, ఠేకేదారు (కంట్రాక్టరు) మనిషివి” అని గేటువద్ద చెప్పిన మాటతో కథ ముగియదు.

మూడవది ఋజువు చేయు బాధ్యత. బాకీ ఉన్నదని కార్మికుడు క్లెయిము దాఖలు చేసినపుడు, చెల్లించితినని నిరూపింపవలసిన భారమును కొత్త కోడ్ యజమానిమీదనే ఉంచినది. నాల్గవది, ఈ హక్కులను వదలుకొనుచున్నానని కార్మికుడు వ్రాసియిచ్చిన ఒప్పందము చెల్లదు. ఉద్యోగమున చేరునాడు తెల్లకాగితముమీద సంతకము పెట్టించుకొన్నారని భయపడువారు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను.

లెక్క వ్రాసికొనుట

“నాకు డబ్బు రావలెను” అనువానికంటె “నాకు ఇంత రావలెను” అనువాని మాట బలమైనది. కావున మొదటి సాయంకాలమే కాగితము తీసికొని కూర్చుండవలెను.

ఒక వెల్డరును ఊహించుకొందము. ఆదిత్యపూరు యూనిటులో ఆరు సంవత్సరముల నాలుగు నెలలు పనిచేసినాడు. నెల జీతము 18,200 రూపాయలు. అందులో బేసిక్, డి.ఏ. (కరువుభత్యము) కలిసి 15,600. ఆఖరి నెలలో పందొమ్మిది దినములు పనిచేసి మానినాడు. నెలకు ఇరువదియాఱు పనిదినముల చొప్పున దినమునకు 700 రూపాయలు. కావున పందొమ్మిది దినములకు 13,300. వాడుకొనక మిగిలిన సెలవులు పండ్రెండు, వానికి 8,400. సెలవుల సొమ్మును గూర్చి చాలమందికి తెలియదు: 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే ఇరువది పనిదినములకు ఒక దినము చొప్పున సెలవును నిర్ణయించి, పని మానినవానికి మిగిలిన సెలవుల వేతనమును రెండవ పనిదినము ముగియులోగా ఇయ్యవలెనని చెప్పినది.

ఇక గ్రాట్యుటీ. ఐదేండ్లు నిరంతరముగా పనిచేసినవానికి ఏడాదికి పదునైదు దినముల జీతము. బేసిక్, డి.ఏ. కలిసిన 15,600 ను ఇరువదియాఱుచే భాగింపగా 600, పదునైదు దినములకు 9,000, ఆరేండ్లకు 54,000. ఆరు నెలలు మించిన భాగమును పూర్తి సంవత్సరముగా నెంచుదురు గాని, ఇచ్చట మిగిలినది నాలుగు నెలలే గావున అది లెక్కకు రాదు. గ్రాట్యుటీని చెల్లించుటకు ముప్పది దినముల గడువు కలదు. అది దాటిన పిదప వడ్డీయు ఇయ్యవలెను. నిర్ణీతకాలపు ఒప్పందముపై చేరినవారికి ఏడాది సేవ చాలునని సామాజిక భద్రతా కోడ్ చెప్పుచున్నది.

ఈ మూడును కలిసి 75,700 రూపాయలు. దీపావళికి తీసికొన్న అడ్వాన్సు 5,000 ఉన్నచో దానిని తానే తీసివేసి 70,700 అని వ్రాయవలెను. తనకు వ్యతిరేకమైన అంకెను గూడ దాచక వ్రాసినవాని లెక్కను అధికారి విశ్వసించును, యజమానియు కాదనలేడు. ఏడాదిలో ముప్పది దినములు పనిచేసినవానికి, జీతపు పరిమితికి లోబడి, బోనసు గూడ రావలసియుండును, కనీసము 8.33 శాతమైన ఆ మొత్తము లెక్కల సంవత్సరము ముగిసిన ఎనిమిది నెలలలోపల చెల్లింపదగినది గనుక దానిని వేరుగా, గడువుతో సహా, వ్రాసికొనవలెను.

ప్రావిడెంట్ ఫండును ఈ లెక్కలో కలుపరాదు. అది యజమాని చేతిలోని సొమ్ము కాదు. యు.ఏ.ఎన్. అను సభ్యుని ఖాతాసంఖ్యతో పాస్‌బుక్కును తెఱచి నెలనెలయు జమ పడినదా లేదా చూడవలెను. సంస్థవారు ఉద్యోగము విడిచిన తేదీని నమోదు చేయనిచో, ఆఖరి జమ జరిగిన రెండు నెలల పిదప సభ్యుడే ఆ తేదీని పోర్టలులో నమోదు చేసికొనవచ్చును. జీతములో కోసికొని నిధికి జమ చేయని యజమానిపై జంషెడ్‌పూరులోని భవిష్యనిధి ప్రాంతీయ కార్యాలయమునకు ఫిర్యాదు చేయవచ్చును. అట్టి కోతను భారతీయ న్యాయసంహిత నేరపూరిత విశ్వాసఘాతముగా పరిగణించును.

కాగితములు కూడబెట్టుట

నియామకపత్రము, జీతపు స్లిప్పులు, హాజరు కార్డు ఉన్నవాడు అదృష్టవంతుడు. ఆదిత్యపూరులో చాలమందికి ఇవి యుండవు; అంతమాత్రమున చేతులు ముడుచుకొన నక్కఱలేదు. గేటుపాసు యొక్క ఫోటో, బ్యాంకు పాస్‌బుక్కులో జీతము పడిన పంక్తి, షిఫ్టు మార్పును గూర్చి సూపర్‌వైజరు పంపిన వాట్సాప్ సందేశము, తోటిపనివాని మాట, ఇవన్నియు సాక్ష్యములే. అన్నిటికంటె గట్టిది భవిష్యనిధి పాస్‌బుక్కు: అందు సంస్థ పేరు, నెల, జమ చేయబడిన మొత్తము యజమాని తానే ప్రభుత్వమునకు పంపిన లెక్కనుండి వచ్చినవి గనుక, “ఈతడు మావద్ద పనిచేయలేదు” అను మాట ఆ ఒక్క పుటముందు నిలువజాలదు. ఇ.ఎస్.ఐ. (కార్మికుల వైద్యబీమా) కార్డును అట్టిదే.

వీనిని ఉద్యోగము విడుచుటకు ముందుగనే సేకరించుట వివేకము. గేటుపాసు తిరిగి ఇచ్చివేయుటకు ముందు రెండువైపుల ఫోటో తీసికొనవలెను. రాజీనామాను నోటితో చెప్పరాదు. తేదీ వేసి రెండు ప్రతులు వ్రాసి, రెండవ ప్రతిపై అందినట్లు సంతకము చేయించుకొనవలెను. సంతకము చేయనన్నచో ఆ ప్రతిని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచవలెను.

మఱియొక జాగ్రత్త యున్నది. “ఫుల్ అండ్ ఫైనల్” అని అచ్చువేసిన వోచరుపై డబ్బు చేతికందక పూర్వము సంతకము చేయరాదు. కొంత ఇచ్చి మొత్తము ముట్టినట్లు వ్రాయుమన్నచో, ముట్టిన అంకెను స్వహస్తముతో వ్రాసి, దాని ప్రక్కనే “మిగిలిన బాకీపై నా హక్కు నిలుపుకొనుచున్నాను” అని వ్రాసి సంతకము చేయవలెను.

అడుగు క్రమము

బెంగాల్ నాగపూర్ రైలు కార్మికులను సంఘటితపఱచి, పిదప కేంద్ర కార్మికమంత్రియు, 1969 లో రాష్ట్రపతియునైన వి.వి. గిరి గారు, కార్మిక వివాదములు న్యాయస్థానముల తీర్పుకంటె ఉభయపక్షముల సంభాషణచే పరిష్కారమగుట మేలని జీవితాంతము విశ్వసించినవారు. సమ్మెలు నడిపిన నాయకుని అభిప్రాయ మిది యగుటచే దీనిని పిరికితనమని త్రోసివేయ వీలులేదు. మొదటి అడుగు మాటలాడుటయే. కాని ఆ మాట ఎట్లుండవలెను?

కద్మానుండి వచ్చిన కుఱ్ఱవాడొకడు తెలుగు కంట్రాక్టరు ఆఫీసుకు పోయినా డనుకొందము. ఊరివాడే గనుక కంట్రాక్టరు ఆప్యాయముగానే పలుకరించును.

“బిల్లు పాసవ్వలేదు తమ్ముడూ, వచ్చే వారం రా, చూద్దాం.”

“అలాగేనండి అన్నగారూ. ఎన్నో తారీఖున ఇస్తారో ఈ లెక్క కింద రాసి సంతకం పెట్టండి. ఆ రోజే వస్తాను.”

ఈ రెండవ మాటలో కోపము లేదు, దైన్యము లేదు, తేదీ మాత్రమున్నది. ఆతడు వ్రాసియిచ్చినచో బాకీని ఒప్పుకొన్నట్లయినది. వ్రాయనన్నచో, ఇంటికి వచ్చిన వెంటనే ఆ సంభాషణను మర్యాదగా సందేశరూపమున ఆతనికే పంపవలెను: “ఈ రోజు మీ ఆఫీసుకు వచ్చి 70,700 రూపాయల లెక్క ఇచ్చాను. వచ్చే వారం రమ్మన్నారు. గురువారం వస్తాను.” పంపిన సందేశమున తేదీయు, గంటయు నిలిచియుండును.

ఆ తేదీయు దాటినపుడు రెండవ అడుగు, లేఖ. ఇది యజమానికిని, కంట్రాక్టు పనియైనచో ప్రధాన యజమానికిని, ఒకేనాడు స్పీడ్ పోస్టులో పంపవలెను. ఈ ప్రాంతమున హిందీలో గాని ఇంగ్లీషులో గాని వ్రాయుట మంచిది; దాని స్వరూప మిట్లుండవచ్చును:

“అయ్యా, నేను మీ సంస్థలో ఫలానా తేదీనుండి ఫలానా తేదీవఱకు వెల్డరుగా పనిచేసితిని. నా ఆఖరి నెల వేతనము 13,300, మిగిలిన సెలవుల వేతనము 8,400, గ్రాట్యుటీ 54,000, మొత్తము 75,700 రూపాయలు. ఇందులో నేను తీసికొన్న అడ్వాన్సు 5,000 పోను 70,700 రూపాయలు నాకు రావలసియున్నవి. ఈ లేఖ అందిన పదునైదు దినములలో ఈ మొత్తమును నా బ్యాంకు ఖాతాలో జమచేయ ప్రార్థన. లేనిచో చట్టప్రకారము సంబంధిత అధికారివద్ద క్లెయిము దాఖలు చేయుదును.”

ఇంతే చాలును. యజమాని ప్రవర్తనను గూర్చియు, తన కష్టములను గూర్చియు వ్రాయవలెనని మనస్సు తహతహలాడును, వ్రాయరాదు. ఆ లేఖ రేపొకనాడు అధికారి బల్లమీదికి పోవలసినది. అందులో నున్న ప్రతి అనవసర వాక్యమును ప్రతిపక్షమునకు వాదించుటకొక చోటు నిచ్చును.

మూడవ అడుగు కార్మికశాఖ. ఇచ్చట ఆదిత్యపూరు కార్మికులు తఱచుగా పొరపడుదురు. ఇల్లు కద్మాలో నుండుటచే, పనిచోటు నాలుగు కిలోమీటరుల దూరములోనే యుండుటచే, అంతయు జంషెడ్‌పూరే యని భావింతురు. కాని జంషెడ్‌పూరు తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోనిది. ఆదిత్యపూరు 2001 లో ఏర్పడిన సరాయ్‌కేలా-ఖర్సావాఁ జిల్లాలోనిది. అర్జీ పోవలసినది పనిచేసిన స్థలమునుబట్టి గాన, సరాయ్‌కేలా-ఖర్సావాఁ జిల్లా శ్రమ్ అధీక్షకుని కార్యాలయములో విచారించి దాఖలు చేయవలెను. జార్ఖండ్ కార్మికశాఖవారి ‘శ్రమాధాన్’ పోర్టలును గలదు. అర్జీకి లెక్క, లేఖ ప్రతి, పోస్టు రసీదు, పాస్‌బుక్కు పుట జతపఱచి, తన ప్రతిపై డైరీ నంబరు వేయించుకొనక బయటికి రారాదు.

క్లెయిమును కార్మికుడు స్వయముగా గాని, రిజిస్టరైన కార్మికసంఘము ద్వారా గాని, ఇన్‌స్పెక్టరు ద్వారా గాని దాఖలు చేయవచ్చును. విచారించు అధికారి బాకీతోపాటు దానికి పదిరెట్ల వఱకు పరిహారము విధింపగలడు. మూడు నెలలలో తేల్చుటకు ప్రయత్నింపవలెనని కోడ్ చెప్పుచున్నది. క్లెయిమునకు పాత చట్టములో పండ్రెండు నెలల గడువుండగా కొత్త కోడ్ మూడేండ్లిచ్చినది. ఐనను ఏడాది దాటనీయరాదు: జీతపు లెక్కలు వ్రాయు ముంశీలు మాఱుదురు, తోటిపనివారు ఊళ్ళు మాఱుదురు, యూనిట్లు పేర్లు మార్చుకొనును. వకీలుకు డబ్బు లేదని ఆగనక్కఱలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము పారిశ్రామిక కార్మికునికి ఉచిత న్యాయసహాయమును హక్కుగా నిచ్చినది. జిల్లా న్యాయసేవల సంస్థను గాని, 15100 నంబరును గాని సంప్రదింపవచ్చును.

ఒకే యూనిటులో పదిమందికి బాకీయున్నచో పదిమందియు కలిసి ఒకే అర్జీ పెట్టుకొనుట మఱింత మేలు. ఒకరి హాజరునకు మఱియొకరు సాక్షులగుదురు. ఒక్కనిని పిలిచి కొంత ముట్టజెప్పి మిగిలినవారిని నిరుత్సాహపఱచుటకును అవకాశము తగ్గును.

సాధారణముగా వినవచ్చు సాకులు

“పై కంపెనీ బిల్లు ఈయలేదు” అనునది మొదటిది. అది ఇద్దరు వ్యాపారుల మధ్యనున్న లావాదేవి. కార్మికుని గడువునకు దానితో సంబంధము లేదు.

“నోటీసు ఈయక మానితివి” అనునది రెండవది. నియామకపత్రములో నోటీసు షరతు ఏమున్నదో చూడవలెను. షరతున్నచో ఆ మేరకు వాదనకు తావుండును గాని, మొత్తము జీతమును బిగబట్టుటకు అది హేతువు కాజాలదు.

“హెల్మెట్టు, బూట్లు, గ్లవుజులు” అని కోతలు చూపుట మూడవది. చట్టప్రకారము తాను కల్పింపవలసిన భద్రతాసాధనముల వెలను యజమాని కార్మికునివద్ద వసూలు చేయరాదు. కార్మికునికి ప్రత్యేకముగా అప్పగించిన పనిముట్టు ఆతని అజాగ్రత్తచే పోయినచో మాత్రము కోతకు వీలుకలదు. అదియు ఆతని సమాధానము విన్న పిదపనే. కోతలన్నియు కలిసి వేతనములో సగమును మించరాదు.

“చెల్లించివేసితిమి, రిజిస్టరులో సంతకమున్నది” అనునది నాల్గవది. అప్పుడు వినయముగా అడుగవలసిన దొక్కటియే: ఆ రిజిస్టరును అధికారియెదుట చూపుడు.

సంస్థయే మూతపడినప్పుడు

జంషెడ్‌పూరు గోల్మురీలో 1920 లో స్థాపింపబడిన కేబుల్ కంపెనీ, ఇన్‌క్యాబ్ ఇండస్ట్రీస్, 2000 లో మూతపడినది. 2019 లో దివాలా ప్రక్రియ మొదలై, 2020 లో లిక్విడేషను ఉత్తరువు వెలువడి, 2021 లో అప్పిలేటు ట్రిబ్యునలు దానిని రద్దుచేసినది. అంతవఱకే ఇరువది యేండ్లు గడచిపోయినవి. ఆ కాలమంతయు కార్మికుల బాకీలు వ్యాజ్యములలో చిక్కుకొనియుండెను. కాగితములను భద్రపఱచుకొనుట ఎంత దీర్ఘకాలపు పనియో ఇంతకంటె విశదముగా చెప్పు దృష్టాంతము ఈ నగరములో లేదు.

2016 నాటి దివాలా కోడ్ కార్మికునికి కొంత ప్రాధాన్యము నిచ్చినది. లిక్విడేషనులో, దానికి ముందటి ఇరువదినాలుగు నెలల కార్మికుల బాకీలు తాకట్టు ఋణదాతలతో సమానస్థాయిలో నిలుచును. ఇతర ఉద్యోగులకు పండ్రెండు నెలల బాకీ వారి తరువాతి స్థాయిలో వచ్చును. భవిష్యనిధి, గ్రాట్యుటీ నిధుల సొమ్ము ఇతర ఋణదాతలకు పంచవలసిన ఆస్తిలో చేరదు. కాని ఈ హక్కులు ఇంటిలో కూర్చున్నవానికి నడచి రావు. దివాలా ప్రకటన పత్రికలలో వెలువడిన వెంటనే, అందు చెప్పిన తేదీలోపల, దివాలా ప్రక్రియకు నియమితుడైన నిపుణునికి ఋజువులతో క్లెయిము పంపవలెను. మూతపడిన కంపెనీలో పనిచేసినవారు ఒకరి చిరునామా ఒకరు ఉంచుకొని, ఇట్టి ప్రకటన కనబడినపుడు ఒకరికొకరు తెలుపుకొనుట ఆవశ్యకము.

వేచియుండు కాలములో

క్లెయిము వేసిన నాటినుండి ఫలము వచ్చువఱకు గడచు నెలలు కఠినమైనవి. ఇంటి అద్దె ఆగదు, బడి ఫీజు ఆగదు. కావున మొట్టమొదట చేయవలసినది వేఱొక పనిలో చేరుట. క్రొత్త ఉద్యోగమున చేరినచో పాత బాకీపై హక్కు పోవునని కొందఱు భ్రమపడుదురు; పోదు. పాత యజమాని ఇయ్యవలసిన సర్టిఫికెట్టుకొఱకు జీతము వదలుకొనుటయు అనవసరము: భవిష్యనిధి పాస్‌బుక్కే అనుభవమునకు మంచి సాక్ష్యము.

ఇంటివారికి విషయము చెప్పవలెను. జీతము రాని సంగతిని భార్యకు, తల్లిదండ్రులకు దాచి, అధికవడ్డీకి అప్పుతెచ్చి, నెలజీతము వచ్చినట్లు నటించువారు కలరు. ఆ అప్పు బాకీకంటె వేగముగా పెరుగును. తప్పు చేసినవాడు జీతము ఎగబెట్టినవాడు. మోసపోయినవాడు తలదించుకొనుటకు కారణమేమున్నది?

వారమున కొకదినమును ఈ పనికి కేటాయించి, ఆనాడు ఫోను చేయుటయో, కార్యాలయమునకు పోవుటయో, లేఖ వ్రాయుటయో చేసి, చేసినదానిని ఒక నోటుపుస్తకములో తేదీతో వ్రాసికొని, తక్కిన ఆరుదినములు దానిని తలంపునుండి తొలగించి క్రొత్త పనిమీద దృష్టి నిలుపవలెను. ఈ విధముగా నడచుకొన్నవాడు విసిగిపోడు. విసిగిపోనివానిని త్రిప్పి త్రిప్పి వదిలించుకొనుట యజమానికి సాధ్యము కాదు.

చివరగా ఒక మాట. 13,300 రూపాయలకు ఇంత శ్రమ యెందుకని స్నేహితులు చెప్పుదురు. ఆ మొత్తము చిన్నదే కావచ్చును. కాని ఒకడు వదలివేసిన ఆఖరి జీతము, తరువాత ఆ షెడ్డులో చేరువానికి ఈయకుండుటకు దారి చూపును. పదిమంది వదలివేసిన పిదప ఈయకుండుటయే ఆ షెడ్డు ఆచారమగును. ఒకడు లెక్కతో, మర్యాదతో, పట్టుదలతో అడిగి తీసికొన్నచో, మఱుసటివాని హిసాబు చేయునపుడు ముంశీ చేయి కొంత జాగ్రత్తగా నడచును. గ్రాట్యుటీ ఈ ప్రాంతమున మొదట ఆచారమై పిదప దేశమునకు చట్టమైనది. ఇప్పుడు చట్టమైయున్న రెండు దినముల గడువును ఆదిత్యపూరులో ఆచారముగా మార్చవలసినవారు, తమ బాకీని విడువక అడుగు కార్మికులే.